సక్కుబాయి ఎడమ మడమ

హఫీజ్‌పేట్ రైల్వే స్టేషన్ వెనక గల్లీలో పాలబండి వెళ్లిపోయాక వినిపించే మొదటి గొంతు నవ్యది. మేడ మీది పోర్షన్‌లో కిరాయికి ఉంటుంది ఆ పిల్ల. "సక్కు ఆంటీ, గీజర్ వేస్తున్నా!" అని పైనుంచి కేకేస్తుంది. సక్కుబాయి చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి, చెప్పులు విడిచి, గేటు పక్కన గోరింట చెట్టు మొదట్లో మట్టి మీద ఎడమకాలు ఆనించి నిలబడుతుంది. "ఆఁ, పోసుకో బిడ్డా" అంటుంది. గీజర్‌లోంచి కారే కరెంటు నవ్య జోలికి పోకుండా సక్కుబాయి మడమలోకి వస్తుంది. చీమలబారులా మోకాలి దాకా ఎక్కి, దిగి, మట్టిలో కలిసిపోతుంది. స్నానం అయిపోయిందని పైనుంచి ఇంకో కేక వచ్చాక సక్కుబాయి కాలు దులుపుకుని లోపలికి పోయి చాయ్ పెట్టుకుంటుంది.

ఆ ఇల్లు హఫీజ్‌పేట్ ఇంకా ఊరుగా ఉన్నప్పుడు ఆమె మామగారు కట్టించింది. గోడల మీద చెక్క పట్టీలు, వాటి మీదుగా లాగిన రెండు వైర్లు, నల్లటి గుండ్రటి స్విచ్చులు. భూమిలోకి పోయే మూడో వైరు, అదే ఎర్త్, ఆ రోజుల్లో ఎవరూ వేయలేదు. తర్వాత ఫ్రిజ్ వచ్చింది, మిక్సీ వచ్చింది, బట్టలుతికే మిషన్ వచ్చింది, వైర్ల మీది తొడుగు ఎండి పగుళ్లిచ్చింది. అయినా ఎవరికీ ఫికర్ లేదు, ఎందుకంటే అప్పటికి సక్కుబాయి కోడలిగా వచ్చేసింది. ఇంట్లో ఎవరు ఏ ఇనుప వస్తువు ముట్టుకున్నా కరెంటు ముందు ఆమె మడమకే వస్తుంది. ఆమె మట్టి మీద ఉంటే దిగిపోతుంది. బండల మీద ఉన్నా, చెప్పుల్లో ఉన్నా అది వెనక్కి మళ్లి, ముట్టుకున్నవాళ్లను పట్టుకుంటుంది. మీటర్ చూడ్డానికి వచ్చే మనిషి కూడా, వేరే ఇళ్లలో కుక్క ఉందా అని అడిగినంత మామూలుగా, "కాలు ఎట్లుందమ్మా?" అని అడిగి పోతాడు.

"గేటు దాటితే నీ కాలు పని చెయ్యదు బిడ్డా" అని కొత్తకోడలిగా వచ్చిన రోజుల్లోనే మామగారు చెప్పాడు. అందుకని ఆమె ఎక్కడికీ పోలేదు. గల్లీ చివర కిరాణా దుకాణానికి పోవాలన్నా "ఎవ్వరు ఏం ముట్టకుండ్రి, ఇప్పుడే వస్త" అని ఇల్లంతా వినబడేలా అరిచి పరుగున పోయి పరుగున వచ్చేది. రాయదుర్గంలో ఉండే చెల్లెలు సుబ్బమ్మ బిడ్డల పెళ్లిళ్లు కూడా వీడియోలోనే చూసింది. మధ్యలో ఉన్నది నాలుగు సిగ్నళ్ల దూరం. ఆ దూరం ఆమెకు కాశీ అయి కూర్చుంది.

భర్త వెంకటనారాయణ పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. ఇల్లు మరిది కొడుకు మధుకర్ పేరున ఉంది. తల్లీ తండ్రీ పోయిన వాణ్ణి చిన్నప్పటి నుంచి ఆమే సాకింది, వాడు "పెద్దమ్మా" అని పిలిస్తే ఇప్పటికీ కడుపు నిండుతుంది. కానీ చట్టం కడుపు చూసి ఇల్లు రాయదు కదా. కాగితం మీద ఆ ఇంట్లో ఆమెకు ఏమీ లేదు. ఉన్నదల్లా ఆ మడమే.

ఇక సక్కుబాయి స్వభావం కూడా చెప్పాలి. కొత్తిమీర కట్ట కొంటే దారం విప్పి నడుమ కుళ్లింది దాచారేమోనని చూసే మనిషి ఆమె. పాలు పొంగితే ఎందుకు పొంగాయని, పొంగకపోతే ఎందుకు పొంగలేదని అనుమానం. మధుకర్ పొద్దుటూరు పిల్ల ప్రియదర్శినిని చేసుకుని తెచ్చినప్పుడు, ఆ పిల్ల వచ్చీ రాగానే కాళ్లకు దండం పెడితే, "ఏ కాలును చూస్తున్నది?" అని అనుకుంది.

అలాంటి ఇంట్లోకి పెద్ద అట్టపెట్టె ఒకటి వచ్చింది.

ప్రియదర్శిని దాన్ని హాల్లో విప్పింది. రాయదుర్గంలో ఆఫీసు ఆమెది, వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచే పని. పెట్టెలోంచి ఇత్తడి రంగు దీపాలు తీసి వరసగా పరిచింది. గోడకు పెట్టేవి కొన్ని, పైనుంచి వేలాడేవి కొన్ని, అన్నీ ఇనుప ఒంటివే.

"బల్బులు మంచిగనే ఎలుగుతున్నయి కద. గివెందుకు?" అంది సక్కుబాయి.

"బాగుంటాయని తెప్పించినాను అత్తా. నీ గదిలో కూడా ఒకటి పెట్టిస్తా."

ఆ మాట అయిన కాసేపటికి ప్రియదర్శిని టేపు పట్టుకుని సక్కుబాయి గదిని ఆ గోడ నుంచి ఈ గోడకు కొలుస్తూ కనబడింది. ఒక దీపం పెట్టడానికి గదంతా కొలవాలా? సక్కుబాయి గుమ్మంలో నిలబడి చూసింది. ఆ పిల్ల చటుక్కున టేపు చుట్టేసి, "ఊరికే కొలుస్తాండా అత్తా" అని నవ్వింది. ఊరికే ఎవరూ ఏదీ కొలవరని సక్కుబాయికి బాగా తెలుసు.

మర్నాడు మదీనాగూడ నుంచి ఎలక్ట్రీషియన్ లక్ష్మీనారాయణ వచ్చాడు. స్టూలెక్కి హాల్లో పాత హోల్డర్ విప్పాడు. పైకప్పు నుంచి రెండు వైర్లే వేలాడాయి. కొత్త దీపానికి మూడున్నాయి. ఎర్రది కలిపాడు, నల్లది కలిపాడు, ఆకుపచ్చది చేతిలో పట్టుకుని అటూ ఇటూ చూశాడు.

"ఎర్త్ ఏదమ్మా?"

"నేనే" అంది సక్కుబాయి వాకిట్లోంచి.

లక్ష్మీనారాయణ తల వంచి కిటికీలోంచి ఆమె కాలు చూశాడు. "ఆఁ, మీరుంటే మంచిదే. మరి మీరు లేనప్పుడు?"

"నేనెందుకు లేకుంట ఉంట?"

అతను ప్రియదర్శిని వైపు చూశాడు. ఆ పిల్ల నేల చూపులు చూసింది. అంతే, సక్కుబాయికి అర్థమైపోయింది. ఎవరో ఇతనికి ముందే చెప్పారు. లేకపోతే పొరుగు ఊరి మనిషికి, తాను లేని రోజు గురించి మాట్లాడే అవసరమేమొచ్చింది?

"ఇనుప దీపాలు, పాత వైర్లు. ఎర్త్ గుంత తవ్వాల్సిందే" అని తేల్చేసి అతను శనివారం వస్తానని పోయాడు.

ఆ వారమంతా సక్కుబాయి చెవులు రిక్కించుకుని తిరిగింది. గురువారం ప్రియదర్శిని ఆమెకు కొత్త చెప్పులు తెచ్చింది. మెత్తగా ఉన్నాయి, అడుగు మందంగా రబ్బరుది. "మోకాళ్లకు మంచిదంటత్తా" అంది. రబ్బరు మీద నిలబడితే కరెంటు దిగదని చిన్నపిల్లలకు కూడా తెలుసు, ఇంజినీరు చదివిన దీనికి తెలీదా? శుక్రవారం వంటింట్లో మొగుడూ పెళ్లామూ గుసగుసలాడుకుంటుంటే సక్కుబాయి కొళాయి కట్టేసి విన్నది.

"ముందే చెప్తే రానే రాదు. ఎర్త్ పడినాక నేనే తీస్కపోతా" అంటోంది ప్రియదర్శిని.

"పెద్దమ్మ పరేషాన్ అయితదేమో" అన్నాడు మధుకర్.

"రెండు రోజులు అట్లనే ఉంటాది, తర్వాత అలవాటయితాది."

సక్కుబాయి లెక్క కట్టుకుంది. గది కొలిచారు. చెప్పులు కొన్నారు. గుంత తవ్విస్తున్నారు. ఆ తర్వాత తీసుకుపోతారట, అలవాటవుతుందట. ఎక్కడ, ఏ ఆశ్రమంలో? వాడి చిన్నప్పుడు జ్వరమొస్తే వాడి మంచం వాకిట్లోకి లాక్కుని, ఒక చేయి వాడి నుదుటి మీద, ఒక కాలు మట్టి మీద పెట్టుకుని కూర్చున్న రోజులు గుర్తొచ్చి కళ్ల నీళ్లు తిరిగాయి. ఏడుపు వెనకే కోపం వచ్చింది. కోపమే ఎక్కువసేపు ఉంది.

శనివారం లక్ష్మీనారాయణ వచ్చి గోరింట చెట్టుకు అవతల గుంత తవ్వాడు. ఇనుప పైపు దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు నింపి నీళ్లు పోశాడు. ఇంట్లోంచి తెచ్చిన ఆకుపచ్చ వైరును పైపు నుంచి వచ్చే తీగకు మెలితిప్పి టేపు చుట్టాడు. "రోజూ ఒక బకెట్ నీళ్లు పొయ్యాలె, గుంత ఎండొద్దు" అని అందరికీ చెప్పాడు. సక్కుబాయి మాత్రం తనతో పోటీకి వచ్చిన మనిషికి మర్యాద చేయమని చెప్పినట్టు మొహం పెట్టింది.

అందరూ లోపలికి పోయి దీపాలు వెలిగించి "అబ్బా" అనుకుంటున్నప్పుడు ఆమె వాకిట్లో ఒక్కతే ఉంది. గుంత దగ్గర కూర్చుని టేపు ఊడదీసింది. మెలి విప్పింది. ఆకుపచ్చ వైరు కొసను ఖాళీ నూనె ప్యాకెట్‌లో చుట్టి, చెట్టు ఆకుల్లో దూర్చింది. తర్వాత చెప్పులు విడిచి తన చోట తాను నిలబడింది. లోపల మధుకర్ దీపం ఒంటిని తుడుస్తున్నాడు కాబోలు, కరెంటు సర్రున వచ్చి తొడ దాకా ఎక్కింది. కొత్త దీపాలకు పాత వైర్లు బాగానే కారుతున్నాయి. సక్కుబాయి పళ్లు బిగించి దాన్ని మట్టిలోకి దించేసింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆమెకు చాలా సంతోషంగా ఉంది.

"చూసినవా పెద్దమ్మా, ఎర్త్ ఎంత మంచిగ పని చేస్తున్నదో!" అని లోపలి నుంచి మధుకర్ అరిచాడు.

"ఆఁ ఆఁ, మస్తు చేస్తున్నది" అంది సక్కుబాయి.

ఆదివారం పొద్దున గేటు ముందు క్యాబ్ ఆగింది. ప్రియదర్శిని ఇస్త్రీ చీర ఒకటి చేతికిచ్చి, "కట్టుకో అత్తా, బయటికి పోతాన్నాం" అంది. ఎక్కడికో చెప్పలేదు. సక్కుబాయి మధుకర్ వైపు చూసింది. వాడు నవ్వుతున్నాడు.

"నేను పోతే ఇంట్ల ఎవరు నిలవడతరు?"

"ఎర్త్ ఉంది కద పెద్దమ్మా. నువ్వు బేఫికర్‌గ పో. దీపాలకు గాజు గిన్నెలు బిగించే పని ఉంది, నేను ఇంట్లనే ఉంట."

ఆ మాటతో ఆమెకు రోషం పొడుచుకొచ్చింది. సరే, బిగించుకో. చేతికి చురుక్కుమన్నప్పుడు పెద్దమ్మ విలువ తెలుస్తుంది, మీరే పరిగెత్తుకొస్తారు అనుకుంది. కొత్త చెప్పులు తొడుక్కుని, చీర కుచ్చిళ్లు సవరించుకుని, వెనక్కి చూడకుండా క్యాబ్ ఎక్కింది.

హఫీజ్‌పేట్ ఫ్లైఓవర్ దాటేసరికి రోషం సగం దిగింది. కొండాపూర్ వచ్చేసరికి భయం మొదలైంది. నిన్న తొడ దాకా వచ్చిన కరెంటు చిన్నది కాదు. అంతటిది వాణ్ణి పట్టుకుంటే? చెబుదామని నోరు తెరిచింది. చెబితే వైరు పీకిన సంగతి బయటపడుతుంది, ఇంతకాలం నిలబడ్డ మనిషి కాస్తా దొంగ అవుతుంది. నోరు మూసుకుంది. పక్కన ప్రియదర్శిని ఫోన్ చూసుకుంటూ తనలో తాను నవ్వుకుంటోంది. ఆ నవ్వు చూసి సక్కుబాయి ఇంకా గట్టిగా మూసుకుంది.

కొత్తగూడ దాటారు. రెండు పక్కలా అద్దాల మేడలు. అప్పుడు సక్కుబాయి ఎడమ మడమలో చిన్నగా జివ్వుమంది.

ఆమె ముందు చెప్పుల్ని అనుమానించింది. తర్వాత క్యాబ్‌ను అనుమానించింది. గేటు దాటితే పని చేయని కాలు కదా ఇది. ఈలోగా జివ్వుమన్నది మోకాలికి ఎక్కింది, తొడకెక్కింది, అక్కడే ఆగిపోయింది. దిగడం లేదు. మధుకర్ స్టూలు మీద నిలబడి దీపం పట్టుకుని ఉన్నాడని, ఆ చేయి ఊడి రావడం లేదని, తన కాలు చెబుతున్నంత స్పష్టంగా ఇంకెవరూ చెప్పలేరు.

"ఆపు! బండి ఆపు!"

"ఏమైంది అత్తా?"

"మధుకర్‌ని కరెంటు పట్టుకుంది! నేనే ఆ వైరు పీకిన! ఆపయ్యా నీ కాళ్లు మొక్కుత!"

క్యాబ్ ఆగీ ఆగకముందే ఆమె దిగింది. చెప్పులు చెరోపక్క విసిరేసింది. కాలి కింద టైల్స్. ముందుకు పరిగెత్తింది, మళ్లీ టైల్స్, తర్వాత సిమెంటు, తర్వాత నల్లరాయి మెట్లు. ఒక ఆఫీసు ముందు పచ్చటి గడ్డి కనబడింది. ప్రాణం లేచొచ్చి అందులో కాలు పెట్టింది. కసుక్కుమంది. ప్లాస్టిక్ గడ్డి. ఎప్పుడూ అన్నిటినీ అనుమానించే మనిషి ఆ గడ్డిని మాత్రం నమ్మింది. పెద్ద పెద్ద కుండీల్లో చెట్లున్నాయి, కుండీల్లో మట్టి ఉంది, కానీ కుండీ కింద మళ్లీ సిమెంటే. ఒకప్పుడు జొన్నచేలున్న చోటు ఇది, ఇంత ఊళ్లో ఒక కాలు పట్టేంత నేల లేకుండా ఎట్లా కప్పేశారు?

వెనక ప్రియదర్శిని ఫోన్ చెవికి పెట్టుకుని ఏడుస్తూ పరిగెత్తుతోంది. "ఎత్తడంలేదత్తా! ఎత్తడంలేదు!"

రోడ్డు పక్కన కేబుల్ కోసం తవ్విన కాలువ కనబడింది. చుట్టూ ఎర్ర పట్టీ కట్టి ఉంది. సెక్యూరిటీ మనిషి "అమ్మా, అటు పోవద్దు" అని అరుస్తున్నా వినకుండా సక్కుబాయి పట్టీ తెంపుకుని, ఇస్త్రీ చీరతో సహా అందులోకి జారింది. ఎడమకాలు ఎర్రమట్టిలో దిగబడింది. తొడలో ఆగి ఉన్నది ఒక్కసారిగా కదిలింది. పిక్క పట్టేసింది, కళ్లు బైర్లు కమ్మాయి, మడమ కింద మట్టి వేడెక్కింది. ఆమె కాలువ అంచు పట్టుకుని, వాడి పేరు గొణుగుతూ, అది మొత్తం దిగేదాకా నిలబడింది.

ఫోన్ మోగింది. ప్రియదర్శిని ఎత్తింది.

"పట్టుకుందే, చెయ్యి రాలే. ఎంతకీ రాలే. మళ్ల ఏమైందో, దానంతటదే ఇడిసింది" అంటున్నాడు మధుకర్. 

"మెయిన్ ఆపు. ఇంక ఏదీ ముట్టుకోవద్దు. పోయి వాకిట్లో కూర్చో" అంది ప్రియదర్శిని. ఫోన్ పెట్టేసి కాలువ ఒడ్డున మట్టిలోనే కూలబడింది.

 డ్రైవర్ చెప్పులు రెండూ వెతికి తెచ్చి పక్కన పెట్టి పోయాడు.

"ఎందుకు పీకినావత్తా?"

"నన్ను ఆశ్రమంల పడేస్తరని."

"ఆశ్రమమా? సుబ్బమ్మ పిన్ని దగ్గరికి పోతాన్నాం. ముందే చెప్తే ఇల్లు ఎట్లా, గీజర్ ఎట్లా అని రావని చెప్పలేదు." కళ్లు తుడుచుకుంది. "నేను స్నానం చేసినా నువ్వు లేవాల, నేను మిషన్‌లో బట్టలేసినా నువ్వు లేవాల. మనిషిని గుంజకు కట్టేసి బతుకుతాన్నట్టు ఉంటాది నాకు."

సక్కుబాయి చేయి చాపి ఆ పిల్ల మోకాలు నిమిరింది. అయినా స్వభావం ఊరుకోదు కదా.

"మరి నా గది ఎందుకు కొలిచినవ్?"

ప్రియదర్శిని మొహం ఎర్రబడింది. "ఆఫీసు టేబుల్ పడతాదేమోనని చూసినా. నువ్వెట్లాగూ హాల్లో టీవీ ముందరే పండుకుంటావు కదా అని..."

"చూసినవా! నా అనుమానం ఉత్తది కాదు" అంది సక్కుబాయి. అన్నాక ఆమెకే నవ్వొచ్చింది, నవ్వులోంచి ఏడుపొచ్చింది. "వాడు సచ్చిపోతుండె బిడ్డా. నా మూలంగ సచ్చిపోతుండె. రేపు ఆ లక్ష్మీనారాయణకు చెప్పు, ఆ వైరు కలిపి పొమ్మను. మళ్ల నేను ముట్ట."

ప్రియదర్శిని చేయిచ్చి పైకి లాగబోయి ఆగింది. "అత్తా, మనం కొత్తగూడ దాటినాం. ఇంత దూరం ఎట్లా వచ్చింది నీ కాలికి?"

సక్కుబాయి తన కాలు చూసుకుంది. హఫీజ్‌పేట్ ఎక్కడ, ఇక్కడెక్కడ. గేటు దాటితే పని చేయదని మామగారు అన్నాడు. ఆయన మాత్రం ఎప్పుడు పరీక్షించాడు? కోడలు వాకిలి దాటకూడదని అన్నాడో, నిజంగానే అనుకున్నాడో, అడగడానికి ఇప్పుడు మనిషి లేడు. కొత్తిమీర కట్టను విప్పి చూసే మనిషి ఆ ఒక్క మాటను మాత్రం ఇన్నేళ్లూ విప్పి చూడలేదు. చెల్లెలి బిడ్డల పెళ్లిళ్లు పోయాయి. అమ్మ పోయినప్పుడు కూడా కడసారి చూపుకు ఉరుకులు పరుగుల మీద పోయి నిమిషాల్లో తిరిగొచ్చింది. ఎక్కడైనా ఇంత మట్టి దొరికితే చాలునని తెలిస్తే ఊరంతా తిరిగేది కదా. ఆమెకు మామగారి మీద పట్టరాని కోపం వచ్చింది, ఆ తర్వాత తన మీద తనకు జాలేసింది.

"ఇంటికి పోదామా అత్తా? చీరంతా మట్టయింది."

"చీరకేమైతది. పద సుబ్బమ్మ దగ్గరికి" అంది సక్కుబాయి.

సుబ్బమ్మ అక్కను చూసి మాట రాక గుమ్మంలోనే నిలబడిపోయింది. తర్వాత వచ్చిన మాటలు మధ్యాహ్నం దాకా ఆగలేదు. పప్పుచారు, వంకాయ కూర తిన్నారు. పక్కింటి వాళ్లను పిలిచి "మా అక్క" అని చూపించింది సుబ్బమ్మ. ఎండ చల్లబడ్డాక అక్కాచెల్లెళ్లు ఇద్దరూ ఏదో మాట్లాడుకుని, చేతులు పట్టుకుని, రాయదుర్గం మెట్రో స్టేషన్‌కు బయల్దేరారు. వెనకాల ప్రియదర్శిని టికెట్లు తీసుకుని నడిచింది. కదిలే మెట్ల మీద సక్కుబాయి ఒక్కో మెట్టునూ అనుమానంగా చూసి మరీ ఎక్కింది.

ప్లాట్‌ఫాం మీద ఉండగా మధుకర్ ఫోన్ చేశాడు.

"పెద్దమ్మా, లక్ష్మీనారాయణ రేపే వస్తడట. ఇంట్ల ఉక్కపోసి సచ్చిపోతున్న. మెయిన్ ఏసుకుంట. నువ్వు ఏడున్నా నీ కాలు పని చేస్తదట కద, జర కొంచెంసేపు మట్టి మీద నిలవడవా?"

"గిప్పుడు కాదు బిడ్డా. మెట్రో ఎక్కుతున్నం. గింత పైన మట్టి యాడుంటది? వాకిట్ల కూసో, గాలొస్తది. నేను దిగినంక చెప్త."

"ఏడ దిగుతరు?"

"మాకే తెల్వది."

 "పెద్దమ్మా, ఇంటికైతే వస్తవు కద?" అన్నాడు మధుకర్. గొంతులో అనుమానం ఉంది. వారమంతా తనలో తిరిగిన అనుమానమే అది, సక్కుబాయి దాన్ని వెంటనే గుర్తుపట్టింది.

"చూద్దాం" అని ఫోన్ ప్రియదర్శిని చేతికిచ్చేసింది.

రైలొచ్చింది. కిటికీ పక్క సీట్లు దొరికాయి. తలుపులు మూసుకుని బండి కదిలాక, కింద రోడ్డు, కార్లు, అద్దాల మేడలు వెనక్కి పోసాగాయి. సక్కుబాయి ఎడమ మడమను ఒకసారి చేత్తో తడుముకుంది. అందులో ఏమీ లేదు, చల్లగా ఉంది. ఎదుటి సీట్లోంచి ప్రియదర్శిని ఆమెనే ఓరగా చూస్తోంది.

"ఇదెందాక పోతదే?" అని చెల్లెల్ని అడిగింది సక్కుబాయి.

"చానా దూరం పోతదక్కా" అంది సుబ్బమ్మ.

"పోనియ్యి" అంది సక్కుబాయి, కాళ్లు చాపుకుని.